పత్రంలో అసిరితల్లి, ఇంట్లో బుజ్జమ్మ: జనన నమోదులో పేరు చేర్పించే సేవ ఎలా ఉంది?

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పుట్టిన బిడ్డ పేరును జనన రిజిస్టరులో ఎక్కించే ప్రభుత్వ సేవకు మేమిచ్చే మార్కులు అయిదుకి మూడున్నర. చట్టం ఇచ్చిన వెసులుబాటు చాలా బాగుంది, అందుకే ఆ మూడున్నర. ఆ వెసులుబాటు గురించి మంచం పక్కన ఉన్న బాలింతకి ఎవరూ చెప్పరు, కంప్యూటరు తెలుగు ఏడిపిస్తుంది, ఏ ఆఫీసుకి వెళ్లాలో బోర్డు మీద ఉండదు. ఒకటిన్నర అక్కడ పోయింది.

ముందు వెసులుబాటు సంగతి. పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు కావాలి, పేరు మాత్రం అప్పుడే చెప్పనక్కర్లేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 14వ సెక్షను ప్రకారం పేరు లేకుండానే నమోదు చేయించి, తర్వాత తల్లో తండ్రో వచ్చి పేరు చెప్పవచ్చు. రాసిచ్చినా సరే, నోటితో చెప్పినా సరే అనే ఆ సెక్షనులో ఉంది. నమోదు తేదీ నుంచి 12 నెలల దాకా రుసుము లేదు, ఆపైన 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుముతో చేరుస్తారు. జనన నివేదిక ఫారం మీదే, పేరు పెట్టకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయమని సూచన అచ్చయి ఉంటుంది. ఈ రెండు ముక్కలు తెలిస్తే సగం తిప్పలు తప్పుతాయి.

జరిగేది వేరు. సర్కారు కాన్పుల ఆసుపత్రి అయిన ఘోషాసుపత్రిలో పుట్టినా, ప్రైవేటు నర్సింగ్ హోములో పుట్టినా, జననం గురించి రిజిస్ట్రారుకి తెలపవలసిన బాధ్యత ఆసుపత్రిదే. డిశ్చార్జి రోజు ఒకరు కాగితాలు పట్టుకొచ్చి "గుంటడి పేరేటమ్మా?" అని అడుగుతారు. బారసాల పదకొండో రోజునో ఇరవై ఒకటో రోజునో. అత్తారింటి పేరా, పుట్టింటి పేరా అన్నది అప్పటికి తేలి ఉండదు. ఖాళీ వదిలితే ఏమవుతుందోనన్న భయానికి అమ్మమ్మ ముందుకొచ్చి "బుజ్జి అని రాసీయండి బావూ, మిగతాది తర్వాత చూసుకుందుం" అంటుంది. ఆ తర్వాత చూసుకోవడం అనేదే ఉండదు. ఖాళీ గడిలో పేరు చేర్చడానికి ఒక అర్జీ చాలు. బుజ్జి అని రాసిన గడిని యశ్వంత్‌గా మార్చడం అలా కాదు, అది దిద్దుబాటు. 15వ సెక్షను కింద నమోదులో తప్పు పడిందని రుజువైతేనే రిజిస్ట్రారు పాత రాతను కదపకుండా పక్కన మార్జినులో దిద్ది, సంతకం, తేదీ వేస్తారు. బుజ్జి అన్నది తప్పు కాదే, మీరు చెప్పిందే కదా అని కౌంటరులో అడిగితే జవాబు దొరకదు. కాబట్టి ఆసుపత్రిలో అడిగినప్పుడు చెప్పవలసిన మాట ఒకటే: "ఇంకా పెట్టలేదు, ఖాళీగా వదిలేయండి."

మన జిల్లాల్లో ప్రతి బిడ్డకీ రెండు పేర్లు ఎందుకుంటాయో కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే ఏ పేరు పత్రంలోకి వెళ్లాలన్న తగువు అక్కడే పుడుతుంది. సింహాచలం అప్పన్న మొక్కుతో అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలనరసమ్మ. విజయనగరం పైడితల్లమ్మ పేరున పైడిరాజు, పైడితల్లి. శ్రీకూర్మం వైపు కూర్మారావు, కూర్మినాయుడు. అరసవల్లి స్వామి పేరున సూర్యనారాయణ. ముఖలింగం, నీలమణి, అసిరినాయుడు, పోలినాయుడు. బిడ్డలు దక్కని ఇంట పుట్టిన బిడ్డను తవుడిచ్చి కొనుక్కున్నట్టు తంతు జరిపి తవిటయ్య, తవిటినాయుడు, తవిటమ్మ అని పెట్టిన రోజులూ ఉన్నాయి. మొక్కు పేరుతో పిలుస్తూ తిట్టకూడదు. పోయిన తాతగారి పేరు పెడితే కోడలు మామగారి పేరు నోటితో అనదు. అందుకని సూర్యనారాయణ ఇంట్లో బాబ్జీ అయ్యాడు, అప్పలనరసమ్మ చిట్టెమ్మ అయింది. ముద్దుపేరు ముద్దు కోసమే పుట్టలేదు, పెద్ద పేరుకి గౌరవం చెడకుండా రోజువారీ కేకలకీ తిట్లకీ వాడుకోవడానికి పుట్టింది. ఈ ఏర్పాటు తెలివైనదే. రెంటినీ ఒకే కాగితం మీద కలిపేసినప్పుడే చెడుతుంది.

వెనకటికి బడిలో మాస్టారు ఏం రాస్తే అదే పేరు, పదో తరగతి మెమోతో అది ఖాయం. ఇప్పుడు ఆ ఖాయం పుట్టినప్పుడే పడిపోతోంది. 2023లో చట్టాన్ని సవరించారు. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకి బడిలో చేరడానికి, ఆధారుకి, పాస్‌పోర్టుకి, ఓటరు జాబితాకి, డ్రైవింగ్ లైసెన్సుకి పుట్టిన తేదీ, చోటు రుజువు జనన ధ్రువపత్రమే. అందులో పేరు ఆధారులోకి, ఆధారు పేరు బడి రికార్డులోకి వెళ్తుంది. అపార్ నెంబరు (విద్యార్థి గుర్తింపు సంఖ్య) రావాలంటే బడి రికార్డులో పేరు, ఆధారులో పేరు కలవాలి. తల్లికి వందనం లాంటి పథకాల్లోనూ చూసేది ఆధారే. అంటే ముద్దుపేరు ఎక్కడైనా ఒక్క చోట దూరిందంటే గొలుసు తెగినట్టే.

మరి పత్రంలోకి ఏ పేరు? మా మాట: పెద్ద పేరే, కానీ పిలవగలిగినంత పెద్దది. ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పలకని పేరు పెడితే ఒకటో తరగతిలో హాజరు పిలిచినప్పుడు పిల్లాడు పలకడు, టీచరు వాడు రాలేదని గీత పెడుతుంది. ఇంట్లో పిలుపు పత్రంలో పేరులోంచే పుడితే ఈ బాధ లేదు. సూర్యనారాయణకి సూరి, పైడిరాజుకి పైడి, నీలమణికి మణి, హర్షవర్ధన్‌కి హర్ష. బాబ్జీ, పండు, చంటి, లక్కీ లాంటివి పెద్ద పేరుతో చుట్టరికం లేనివి. అవీ ఉండొచ్చు, అయితే బిడ్డకి మూడో ఏడు వచ్చేసరికి పెద్ద పేరుతో కూడా పిలవడం మొదలుపెట్టాలి. లేకపోతే పలకరు.

కొందరు ఇప్పుడు తిరగేసి ముద్దుపేరునే పత్రంలో పెట్టేస్తున్నారు: చిన్ని, నాని, బన్నీ. చట్టం అడ్డు చెప్పదు. ముప్పై ఏళ్లకి బ్యాంకు మేనేజరు బల్ల మీద బన్నీ అని పలక ఉంటే ఏమీ కొంప మునగదు కూడా. అసలు ఇబ్బంది మరోచోట. ఒక వీధిలో నలుగురు బుజ్జిలుంటారు, ఇంటిపేరు కూడా ఒకటే అయిన ఊళ్లు మన దగ్గర బోలెడు. ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు మూడూ కలిసిపోయే మనుషులు ఒకే సచివాలయం పరిధిలో ఇద్దరుంటే పింఛను నుంచి పట్టాదారు పాసుపుస్తకం దాకా ఒకరిది ఒకరికి అంటుకుంటుంది.

మరీ పొడుగు పేరుదీ ఇదే గతి, కారణం వేరు. రెండు వైపుల తాతలనీ, ఇలవేల్పునీ, నక్షత్రాన్నీ అందరినీ మెప్పించబోయి "వెంకట సత్య సూర్య అప్పలనాయుడు" అని పెడితే ఒక ఆఫీసులో పూర్తిగా, ఒక చోట "వి.ఎస్.ఎస్. అప్పలనాయుడు" అని, ఇంకోచోట "సూర్య" అని పడుతుంది. పాస్‌పోర్టు పొడి అక్షరాలు ఒప్పుకోదు, ఇంటిపేరు ఒక గడిలో, పేరు ఇంకో గడిలో పూర్తిగా అడుగుతుంది. కాబట్టి బిడ్డ ధ్రువపత్రంలోనే ఇంటిపేరు పొడి అక్షరంగా కాకుండా పూర్తిగా రాయించాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్నది మీ ఇష్టం, తండ్రి ఆధారులో ఎలా ఉంటే బిడ్డకీ అలాగే ఉంచితే గొడవ లేదు. ఇంటిపేరు కాక ఒకటి, మహా అయితే రెండు మాటలు. అంతకు మించిన పేర్లన్నీ పళ్లెంలో బియ్యం మీద రాసుకోవచ్చు.

ఆ బియ్యం సంగతే చూద్దాం. నామకరణంలో పురోహితులు మాస నామం, నక్షత్ర నామం, ఇలవేల్పు నామం, వ్యవహార నామం అని విడివిడిగా రాయిస్తారు. రిజిస్టరుకి కావలసింది ఆఖరిది ఒక్కటే. నక్షత్రం అక్షరంతోనే పత్రంలో పేరు ఉండి తీరాలని పట్టుబట్టి ఇరుక్కునేవాళ్లు ఎక్కువ. 27 నక్షత్రాలు, నాలుగేసి పాదాలు, మొత్తం 108 అక్షరాలు. రోహిణికి ఓ, వా, వీ, వూ, మఖకి మా, మీ, మూ, మే. వీటితో చిక్కు లేదు. ఆరుద్ర మూడో పాదానికి ఙ వస్తుంది, హస్త మూడో పాదానికి ణ, నాలుగో పాదానికి ఠ, ఉత్తరాభాద్ర నాలుగో పాదానికి ఞ. ఙ-తో పేరు ఎక్కడ దొరుకుతుంది? అలాంటప్పుడు ఆ అక్షరాన్ని తంతులో నక్షత్ర నామానికి వాడి, వ్యవహార నామం విడిగా పెట్టుకోవడమే దారి. అనుభవమున్న పురోహితులు చెప్పేదీ అదే. ఇంకో సంగతి, చంద్రుడు ఒక నక్షత్రంలో సుమారు ఒక రోజు, ఒక పాదంలో సుమారు ఆరు గంటలు ఉంటాడు. పాదం మారే వేళకి దగ్గర్లో పుట్టిన బిడ్డకి పావుగంట తేడాతో అక్షరం మారిపోతుంది. జనన ధ్రువపత్రంలో తేదీ తప్ప సమయం ఉండదు. సమయానికి ఆసుపత్రి కాగితమే ఆధారం, దాని జిరాక్సు తీసి దాచాలి.

సంఖ్యాశాస్త్రం వారి దగ్గరికి వెళ్లాలా అని చాలామంది అడుగుతారు. నమ్మకం ఎవరిది వారిది, మేం చెప్పేది కాగితం సంగతి. కల్దియన్ పద్ధతిలో ఇంగ్లీషు 'ఏ' అక్షరం విలువ 1, 'హెచ్' విలువ 5. పేరులో అక్షరాల విలువలన్నీ కలిపితే వచ్చే మొత్తం కుదరకపోతే ఒక 'ఏ' ఎక్కువ పెట్టమంటారు. తెలుగులో పలుకుబడి మారదు, ఇంగ్లీషులో అక్షరం పెరుగుతుంది. ఆ పెంచడమేదో నమోదుకి ముందే పెంచితే ఏ చిక్కూ లేదు. ధ్రువపత్రం వచ్చాక ఆధారులో మాత్రం పెంచుకున్నారా, రెండు కాగితాలూ రెండు పేర్లు.

ఇక కౌంటరు దగ్గర పని. ముందు నమోదు నెంబరు, నమోదు తేదీ, నమోదు చేసిన యూనిట్ (అంటే ఏ రిజిస్ట్రారు ఆఫీసు) తెలియాలి. ఇవి పేరు లేని మొదటి ధ్రువపత్రం మీద ఉంటాయి. ఆ మొదటి ప్రతి చట్టం ప్రకారం ఉచితం, నమోదైన 7 రోజుల్లో ఇవ్వాలి, అడిగి తీసుకోండి. దానికి తల్లిదండ్రుల ఆధారు నకళ్లు, డిశ్చార్జి కాగితం నకలు, పేరు చేర్చమని కోరుతూ ఇద్దరి సంతకాలతో అర్జీ జోడించాలి. సచివాలయంలోనో మీసేవలోనో పెడితే సేవా రుసుము ఉంటుంది, రశీదు మీద అర్జీ నెంబరు చూసుకోండి. అర్జీలో పేరు ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఒక వరుస, కింద తెలుగులో ఒక వరుస విడివిడిగా రాయాలి. కలిపి రాసే పేరా, విడదీసే పేరా అన్నది స్పష్టంగా కనపడాలి. సాయిశ్రీ ఒక మాటా, సాయి శ్రీ రెండు మాటలా? కంప్యూటరుకి ఇవి ఇద్దరు పిల్లలు.

ఇక్కడే సేవ మార్కులు పోగొట్టుకునేది. ఇంగ్లీషులో కొట్టగానే తెలుగు వరుస దానంతటదే నిండే చోట అది ఎలా నిండుతుందో చూడాలి. జ్ఞానేశ్వరి "గ్నానేశ్వరి" అవుతుంది, యజ్ఞ "యగ్న" అవుతుంది, నాయుడు "నైదు" అవుతాడు. త కోసం మనం టీ పక్కన హెచ్ పెడతాం కదా, దాంతో లోహిత "లోహిథ" అయి కూర్చుంటుంది. ఆధారు నమోదు తెర మీదా ఇదే తంతు, అక్కడా రెండు భాషల వరుసలూ ఉంటాయి. తెర ఆపరేటరు వైపు ఉంటుంది, మీ వైపు తిప్పమని అడగాలి. అచ్చు తీసిచ్చే రశీదులో తెలుగు వరుసను వేలు పెట్టి అక్షరం అక్షరం చదవాలి. ఇంగ్లీషు సరిపోయింది కదా అని వదిలేస్తే ఆ తప్పు తెలుగు కార్డు మీద అలాగే వస్తుంది. సర్వరు మందగించిన రోజున ఆపరేటరు తొందరపెడతాడు. ఆ రోజు వెనక్కి వచ్చేసినా నష్టం లేదు, 12 నెలలున్నాయి.

ఎవరూ అనుకోని చోట ముద్దుపేరు ఇంకొకటి దూరుతుంది: తల్లిది. కాన్పుకి చేర్చుకునేటప్పుడు తోడు వచ్చినవాళ్లు కంగారులో ఇంట్లో పిలిచే పేరు చెప్తారు. కేసు షీటులో "చిన్నమ్మడు" అని పడుతుంది, టీకా కార్డు మీద బిడ్డ "బి/ఓ చిన్నమ్మడు" (బేబీ ఆఫ్ చిన్నమ్మడు) అవుతుంది, అదే జనన నివేదికలో తల్లి పేరుగా వెళ్తుంది. ఆమె ఆధారులో పేరు అప్పలనరసమ్మ. అయిదేళ్ల లోపు బిడ్డకి ఆధారు వేలిముద్రలు లేకుండా ఫొటోతో, తల్లిదండ్రుల్లో ఒకరి ఆధారు ఆనవాలుతో ఇస్తారు. ధ్రువపత్రంలో తల్లి చిన్నమ్మడు, ఎదురుగా నిలుచున్నది అప్పలనరసమ్మ అయితే ఆపరేటరు వెనక్కి పంపుతాడు, అతన్ని అనడానికీ లేదు. తండ్రి పేరు "చిన్నా" అని పడ్డ పత్రాలూ ఉంటాయి. ఆసుపత్రిలో చేరేటప్పుడే తల్లి ఆధారు చూపించి, కేసు షీటులో ఇంటిపేరుతో సహా అదే పేరు రాయించడం ఒక్కటే మందు. పెళ్లయ్యాక ఆధారులో ఇంటిపేరు మార్చుకోని తల్లులు కాన్పుకి ముందే మార్చుకుంటే మరీ మంచిది, లేదా పాతదే ఉంచుకుని అన్ని చోట్లా అదే చెప్పాలి. సగం సగం పనికిరాదు.

ఆధారులో తర్వాత మార్చుకుందాంలే అనేవారికి ఒక లెక్క: జీవితంలో పేరు మార్పు రెండు సార్లే. ప్రస్తుతం ఒక్కోసారికి 75 రూపాయలు. డబ్బు సంగతి అలా ఉంచండి, బిడ్డ పేరున బుజ్జి తీసి యశ్వంత్ చేయడానికి ఒకటి, స్పెల్లింగు దిద్దడానికి ఇంకొకటి వాడేస్తే ఆడపిల్లకి పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలనిపించినా అవకాశం మిగలదు. మూడోసారికి హైదరాబాదు ప్రాంతీయ కార్యాలయం ఒప్పుకోవాలి, గెజెట్ ప్రకటన లాంటివి అడుగుతారు.

ఏ ఆఫీసు అన్నది ఆఖరి చిక్కు. నమోదు బిడ్డ పుట్టిన చోటే, తండ్రి ఊళ్లో కాదు. మొదటి కాన్పు పుట్టింట్లో కదా. చీపురుపల్లి కోడలు పాలకొండ పుట్టింటికి వెళ్లి అక్కడ కంటే నమోదు పాలకొండ వైపు. కష్టమై విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి తీసుకెళ్తే నమోదు విశాఖలో. అత్తారింటి సచివాలయంలో పేరు చేర్చమని తిరిగితే "మా దగ్గర రికార్డు లేదు" అనడం న్యాయమే. ఏ యూనిట్‌కి వెళ్లాలో ఒక్క ముక్క రాసిస్తే ఒక బస్సు చార్జీ మిగులుతుంది, అది మాత్రం రాయరు. ఇచ్ఛాపురం, సోంపేట వాళ్లు బరంపురం ఆసుపత్రులకి, పాతపట్నం వాళ్లు పర్లాకిమిడికి వెళ్లడం మామూలే. అక్కడ పుట్టిన బిడ్డ నమోదు ఒడిశాలో, పేరు చేర్పూ అక్కడే, ధ్రువపత్రంలో తెలుగు వరుస ఉండదు. ఆ పిల్లల తెలుగు పేరు మొదటిసారి కంప్యూటరు ఎక్కేది మన ఆధారు కేంద్రంలో కాబట్టి తెలుగు వరుస మీద కన్ను రెట్టింపు ఉండాలి.

కవలలైతే పేరు లేకుండా ఎక్కువ కాలం ఉంచొద్దు. ఇద్దరూ మగపిల్లలో ఇద్దరూ ఆడపిల్లలో అయితే రెండు పత్రాల్లోనూ తేదీ, తల్లి, తండ్రి, ఆసుపత్రి అన్నీ ఒకటే, నమోదు నెంబరు ఒక్కటే తేడా. ఏ నెంబరు పెద్దవాడిది అన్నది పత్రం వచ్చిన రోజే వెనక పెన్సిలుతో రాసుకుని, ఇద్దరి అర్జీలూ ఒకే రోజున, ఒకే కౌంటరులో పెట్టండి.